తొట్టెలలో పెట్రోలు ట్యాంకు

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మైలు దూరం. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ మైలు అవతలి నుంచి నా భార్యను, అయిదో నెల బిడ్డను ఇంటికి తెచ్చుకోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

తప్పంతా నా నోటిది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. యుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు. నగరంలో ఒక కార్ఖానాలో మోటారు పని నేర్చుకుని, అమీర్‌పేటలో మా ఇంటి పక్కనే రేకుల పాక ఒకటి వేసుకుని, వచ్చిన మోటారునల్లా విప్పి పరిచేవాణ్ణి. వచ్చేవి తక్కువ. పెట్రోలు చీటీల మీద దొరికే రోజులు, మోటార్లున్న వాళ్ళు కూడా జట్కాలెక్కి తిరిగేవారు. మా మామ పంజాగుట్టలో కూరగాయల రైతు. తెల్లవారకముందే రెండెడ్ల బండి కట్టి, వంకాయలూ బెండకాయలూ వేసుకుని నగరానికి పోయేవాడు. ఆయన దృష్టిలో మోటారు అంటే గడ్డి తినదు, పేడ వెయ్యదు, పిలిస్తే పలకదు, అలాంటి దాన్ని నమ్ముకున్న మనిషికి పిల్లనిచ్చి పొరపాటు చేశాననే బాధ ఆయన మొహం మీద ఎప్పుడూ కనిపించేది.

మా అమ్మాయికి ఇరవై ఒకటో రోజున పంజాగుట్టలో తొట్టెల వేసి, ఉయ్యాల వేడుక చేశారు. చుట్టాలందరూ ఉన్నారు. భోజనాల దగ్గర ఎవరో, "ఇగ అయిదో నెలల మనుమరాలిని బండి కట్టి పంపుతవా?" అని మామను అడిగారు. ఆయన జవాబు చెప్పేలోపల నేను నోరు జారాను.

"నా బిడ్డ ఎడ్లబండి ఎక్కది. మోటర్ల వస్తది ఇంటికి" అన్నాను.

విస్తళ్ళ ముందు అందరి చేతులూ ఆగాయి. మామ నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, మెల్లగా అన్నాడు.

"సరే అల్లుడా. అందరు ఇన్నరు గద. మోటర్ తీస్కొని రా, ఆ రోజే పంపిస్త. బండి తీస్కొని వస్తె మాత్రం పంపేది లేదు."

అప్పటి నుంచి నేను బిడ్డను చూడ్డానికి పోయినప్పుడల్లా ఆయన నా వెనక్కి తొంగి చూసి, "మోటర్ ఏది అల్లుడా?" అనేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. నాలుగుసార్లు విన్నాను, అయిదోసారి పోవడం మానేశాను. మైలు దూరంలో ఉన్న నా బిడ్డ బోర్లా పడిందనే కబురు నేను మా అమ్మ నోట విన్నాను. ఆ రోజు పాకలో కూర్చుని ఏడ్చాను కూడా. కానీ పోలేదు. అప్పుడు అంత మూర్ఖుణ్ణి.

వేసవి మధ్యలో ఒక మంగళవారం మా అమ్మ పంజాగుట్ట పోయి వచ్చింది. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"వచ్చే బేస్తారం పొద్దుగూకినంక మూఢం పడుతదంట. రెండు నెలలు. దాని ఎంబడే ఆషాఢం. పసిబిడ్డతల్లి గడప దాటొద్దని అయ్యగారు చెప్పిండు. తొమ్మిది రోజులున్నయ్. ఆలోపల తెచ్చుకుంటవా, మీసాలు దువ్వుకుంట కూసుంటవా?"

"అది ఏమన్నది?" అని అడిగాను, నా భార్య గురించి.

"మాట ఎటన్న పోనియ్యుమను, బండి లేకుంటే నడుసుకుంటనన్న వస్త, వచ్చి తోల్కపొమ్మను అన్నది. నీకంటే పిల్లకే తెలివున్నది."

ఆ కబురు విని ఏ మగవాడైనా లేచి నడిచి ఉండేవాడు. నేను లేచి మోటారు వెతకడానికి పోయాను.

మోటారు దొరికింది కూడా పంజాగుట్టలోనే. అక్కడ తోట బంగళాలో పెన్షను పుచ్చుకున్న ఒక తహసీల్దారు సాబు ఉండేవాడు. ఆయన మోటారు యుద్ధం మొదలైన కొత్తలో షెడ్డులో పెట్టింది పెట్టినట్టే ఉంది. చక్రాల కింద ఇటుకలు, సీట్ల మీద కోళ్ళు. నేను సంగతంతా దాచకుండా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, నవ్వాడు.

"మియా, గాడీ నడిచిందంటే ఒక్క దినం నీదే. బిడ్డను తీస్కపో. పెట్రోలు చీటీ నేనిస్త. ఫికర్ చెయ్యకు. నడవకపోతే మాత్రం నా కోళ్ళను ఎక్కడివక్కడ పెట్టు."

నాలుగు రోజులు ఆ ఇంజను మీద పడ్డాను. వాల్వులు అరగదీశాను, తీగలు మార్చాను, కోళ్ళను దింపాను. శనివారం పొద్దున సీసాలో పెట్రోలు పోసి పైన వేలాడదీసి, దాన్నుంచి గొట్టం పెట్టి హ్యాండిలు తిప్పితే ఇంజను గుర్రుమంది. తహసీల్దారు సాబు వరండాలో నిలబడి చప్పట్లు కొట్టాడు. అదే గొట్టాన్ని ట్యాంకుకు తగిలించేసరికి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. విప్పి చూస్తే గొట్టం నిండా కారంపొడి లాంటి తుప్పు. ఇన్నేళ్ళూ కాస్త పెట్రోలు, కాస్త నీటి చెమ్మ ఆ ట్యాంకులో కాపురం చేశాయి. చిల్లులు మాత్రం పడలేదు. లోపలి తుప్పు పోతే చాలు.

మధ్యాహ్నం సాబు నిద్రపోతాడు, చప్పుడు పడదు. అందుకని ట్యాంకును విప్పి, అడుగున ఉన్న మడ్డి పారబోసి, మూడుసార్లు నీళ్ళతో కడిగి, భుజం మీద పెట్టుకుని అమీర్‌పేటకు నడిచాను. మా మామ తోట పక్కనుంచే దారి. ఆయన మోట దగ్గర నిలబడి నన్నూ నా భుజం మీది రేకు డబ్బానూ పై నుంచి కిందికి చూశాడు.

"కొంచెం కొంచెం తెస్తున్నవా అల్లుడా మోటర్?" అన్నాడు.

నేను ట్యాంకును ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుని నడిచాను.

ట్యాంకు లోపలికి చెయ్యి పోదు, బ్రష్షు పోదు. పని నేర్పిన ఉస్తాదు చెప్పిన పద్ధతి ఒకటుంది. పదునైన చిన్న కంకర రాళ్ళు, రెండు శేర్ల కిరోసిన్ లోపల పోసి, మూత బిగించి, ఊపాలి. రాళ్ళు లోపల పొర్లి పొర్లి తుప్పును గీకేస్తాయి. ఒక నియమం మాత్రం తప్పకూడదు. వేసేటప్పుడు రాళ్ళు లెక్కపెట్టి వేయాలి, తీసేటప్పుడు లెక్కపెట్టి తీయాలి. ఒక్కటి లోపల మిగిలినా అది ఏదో ఒక రోజు గొట్టం మూతికి అడ్డం పడి నడిరోడ్డు మీద పరువు తీస్తుంది. నేను నూటొక్క రాయి వేశాను.

ఆదివారం పొద్దున ఊపడం మొదలుపెట్టాను. ఒడిలో పెట్టుకుని ఊపాను, నెత్తిన పెట్టుకుని ఊపాను, గోడకు చేరగిలబడి కాళ్ళతో ఊపాను. గంట గడిచేసరికి భుజాలు నావి కావనిపించాయి. మూత తీసి చూస్తే నా చెమట తప్ప మారిందేమీ లేదు. ఇంట్లోకి పోయి నీళ్ళు తాగుతుంటే కనిపించింది తొట్టెల.

మనుమరాలు వస్తుందని మా అమ్మ వడ్రంగితో చేయించిన టేకు తొట్టెల అది. నడింట్లో దూలానికి ఇనుప గొలుసులతో వేలాడుతోంది. లోపల మెత్తటి పాత చీరల బొంత పరిచి, పైన రంగు కాగితాల చిలకలు కట్టి, అమ్మ దాన్ని రోజూ తుడిచేది, ఊపేది మాత్రం కాదు. ఖాళీ తొట్టెల ఊపడం మహా అరిష్టమని ఆమె నమ్మకం. అమ్మ బావి దగ్గరికి పోయి ఉంది. నేను ట్యాంకును ఎత్తుకొచ్చి, కింద గోనెపట్టా వేసి, తొట్టెలలో పడుకోబెట్టాను. సరిగ్గా సరిపోయింది, కొలత పెట్టి చేసినట్టు. ఒక్క వేలితో తోస్తే చాలు, నూటొక్క రాళ్ళూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గలగలమంటూ పొర్లుతున్నాయి. నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

పక్కింట్లో ఒక టీచరమ్మ ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు వాళ్ళు. చర్చి నుంచి తిరిగి వస్తూ ఆ చప్పుడు విని, చేతిలో బైబిలుతోనే లోపలికి వచ్చేసింది.

"ఏంటండీ, పాప వచ్చేసిందా? గిలక్కాయ అంత పెద్దదేంటి?" అంటూ తొట్టెలలోకి వంగి చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. ఆమె నవ్వు ఆగకముందే అమ్మ నీళ్ళ బిందెతో వచ్చింది.

"ఏంరా అది? నా మనుమరాలి తొట్టెల్ల ఏం పండవెట్టినవ్‌రా?"

"ట్యాంకమ్మా."

"ఖాళీ తొట్టెలనే ఊపొద్దంటే, తుక్కు డబ్బా పెట్టి ఊపుతవా?"

"ఖాళీగ లేదు గదమ్మా. అందుకే ఊపుతున్న" అన్నాను.

అమ్మ బిందె దించింది. నన్ను కొట్టడానికి చుట్టూ చూసింది, చేతికి చీపురు కూడా దొరికింది. కానీ టీచరమ్మ నవ్వు చూసి ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వితే కోపం పోతుందని మొహం గోడవైపు తిప్పుకుంది. నేను పరిస్థితి చెప్పాను. ఈ డబ్బా శుభ్రపడితే బేస్తారం నాడు మనుమరాలు ఈ తొట్టెలలో ఉంటుంది, పడకపోతే మూడు నెలలు ఖాళీ తొట్టెలే. అమ్మ తొట్టెల దగ్గరికి వచ్చింది.

"జరుగు" అంది. చీపురు పక్కన పడేసి తొట్టెల తాడు పట్టుకుంది. "గట్ల గుంజుతరా? కుదుపులు తగులుతయ్. మెల్లగ, ఒక్క తీరుగ ఊపాలె."

ఆ రోజంతా మా ఇంట్లో అదే పని. వీధిలో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి, తలా కాసేపు ఊపిపోయారు. ఎవరో జోలపాట ఎత్తుకున్నారు. మొదట వెక్కిరింతకు పాడారు కానీ, తొట్టెల తాడు చేతిలో ఉంటే ఆడవాళ్ళకు పాట నిజంగానే వచ్చేస్తుందేమో, నాలుగో చరణానికి అందరూ మనస్ఫూర్తిగా పాడుతున్నారు. నేను గంటకోసారి తొట్టెలలోనే ట్యాంకును వంచి మూత తీసి, ఎర్రబడిన కిరోసిన్ గిన్నెలోకి వంపి, మళ్ళీ పోసేవాణ్ణి. ఇంట్లో పొయ్యి ముట్టించవద్దని గట్టిగా చెప్పాను, ఆ పూట టీచరమ్మ ఇంటి నుంచే అన్నం వచ్చింది. అంత సంతోషంగా నేను ఏ పనీ చెయ్యలేదు, చేసింది కూడా నేను కాదు.

సాయంత్రానికి పెద్ద తుప్పంతా రాలింది, సన్నటి ఎర్ర పొర మాత్రం పట్టుకునే ఉంది. అమ్మ ట్యాంకు మూతిలోంచి ఒక కన్నుతో చూసింది.

"ఇత్తడి చెంబుకు ఏం పెట్టి తోముతం? చింతపండు. దీనికి సుత గదే పెట్టు" అంది.

పాత చింతపండు కుండెడు పిసికి, పీచూ గింజలూ రాకుండా వడగట్టి, ట్యాంకు నిండా పులుసు పోశాం. మంగళవారం పొద్దున దాకా అలాగే ఉంచాం. వంపితే నల్లటి నీళ్ళు వచ్చాయి, లోపల రేకు పాలరంగులో మెరిసింది. రాళ్ళు తీసి లెక్కపెట్టాను. నూరు. మళ్ళీ లెక్కపెట్టాను. నూరే. ట్యాంకును తలకిందులు చేసి, తట్టి, చెవి పెట్టి విన్నాను. లోపల ఏ చప్పుడూ లేదు. ఆదివారం వేసేటప్పుడే లెక్క తప్పానేమోనని నన్ను నేను సముదాయించుకున్నాను కానీ, ఆ ఒక్క రాయి మనసులో గుచ్చుతూనే ఉంది.

మంచి నీళ్ళతో కడిగి, నీడలో బోర్లించి, ఇంజను చూడ్డానికి పంజాగుట్ట పోయాను. సాయంత్రం వచ్చి మూతిలోంచి చూస్తే లోపలంతా మళ్ళీ ఎర్రగా ఉంది. ఒక్క పూటలో కొత్త తుప్పు. చేతిలో ఉన్న పానాను గోడకేసి కొట్టాను. గోడకు ఇప్పటికీ ఆ గుంట ఉంది. అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది.

"పెనం తోమి తడిగ పెడితే తుప్పు పట్టదా? తుడిచి, ఎండబెట్టి, నూనె రాసి పెట్టాలె. మోటర్ పని నేర్చినవ్, పెనం కడుగుడు నేర్వలే."

నిజమే. రాత్రికి మళ్ళీ చింతపండు పోశాం. బుధవారం పొద్దున సలసల కాగిన నీళ్ళతో కడిగి, ఎండలో బండ మీద పెట్టాను. ఆ వేసవి ఎండకు బండ మీద కాలు పెట్టలేకపోయేవాళ్ళం. గడియలో లోపల పొడిపొడిగా ఆరిపోయింది. అప్పుడు అమ్మ అడిగింది.

"ఇగ నూనె రాయొద్దా?"

"నాకు ఎరికే తియ్" అన్నాను విసుగ్గా. కాస్త కిరోసిన్ తిప్పి పారబోయాలని నా ఉద్దేశం. ఆ మాట విడమరిచి చెప్పి ఉంటే ఈ కథ ఇంకో రకంగా ఉండేది. నాలుగు రోజులుగా నిద్ర లేదు, అన్నం తిని అలాగే ఒరిగి నిద్రపోయాను. లేచేసరికి ట్యాంకు మళ్ళీ తొట్టెలలో ఉంది, మీద పాత చీర కప్పి. దుమ్ము పడకుండా అమ్మ పెట్టిందనుకున్నాను. లోపల చూస్తే నున్నగా మెరుస్తోంది. చింతపండు మహిమ అనుకుని మురిసిపోయాను.

బేస్తవారం పొద్దున ట్యాంకు బిగించాను. టీచరమ్మ తన పాత సన్నబట్ట చీర ముక్క ఇచ్చింది, నాలుగు మడతలు వేసి అందులోంచి పెట్రోలు వడగట్టి పోశాను. హ్యాండిలు రెండు తిప్పులు తిప్పాను. ఇంజను అందుకుంది. తహసీల్దారు సాబు లోపలికి పరిగెత్తి, తన షేర్వానీ వేసుకొచ్చి, పక్కన కూర్చుని బంగళా చుట్టూ రెండు చుట్లు తిప్పించి దిగాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "జా బేటా, బిడ్డను తెచ్చుకో" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి మామ ఇంటి ముందు మోటారు ఆపి హారను కొట్టాను. ఎందుకో మూడుసార్లు కొట్టాను. చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఖాళీ అయి వీధిలోకి వచ్చాయి. మామ వచ్చి మోటారు చుట్టూ ఒకసారి తిరిగాడు, చక్రాన్ని ఎద్దు కాలు పట్టుకున్నట్టు పట్టుకుని చూశాడు. లోపలికి పోయి తన బండి కట్టమన్నాడు.

"బండి ఎందుకు మామా?" అన్నాను.

"సామాను ఉన్నది గద. ఎనకాల వస్త" అన్నాడు.

నా భార్య బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చింది. బుగ్గన చుక్క, కళ్ళ నిండా కాటుక, నెత్తికి నిగనిగలాడే నూనె. బిడ్డ నన్ను గుర్తుపట్టలేదు, పట్టడానికి నేను ఎప్పుడు కనబడ్డాను కనుక. కానీ హారను రబ్బరు ఉండను చూసి నవ్వింది. అత్తగారు దిష్టి తీసి వెనక సీట్లో ఎక్కారు, భార్యా బిడ్డా నా పక్కన. బయలుదేరేటప్పుడు అత్తగారు మెల్లగా గుర్తుచేశారు.

"ఒకసారి గడప దాటినంక మల్ల ఎనక్కి వచ్చేది లేదు బిడ్డా. పొద్దుగూకకముందే చేరాలె."

"మైలు దూరం అత్తమ్మా" అన్నాను. పొద్దు ఇంకా ఎంతో పైన ఉంది. వీధి చివర మలుపు దాటేదాకా జనం చూస్తూనే ఉన్నారు. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

మలుపు దాటాక మోటారు దగ్గింది. ఇంకో పది గజాలు పోయి ఆగింది.

దిగి బానెట్ ఎత్తి, కార్బురేటర్ విప్పాను. అందులో జెట్టు అని ఒకటుంటుంది, పెట్రోలు పోయే సూది బెజ్జం. అది మూసుకుపోయి ఉంది, తుప్పుతో కాదు. ఏదో జిడ్డు. నోట్లో పెట్టుకుని ఊదాను. ఆ రుచి నాకు తెలుసు, చిన్నప్పుడు కడుపు నొప్పి వచ్చినప్పుడల్లా మా అమ్మ ముక్కు మూసి పోసిన రుచి. కానీ నమ్మబుద్ధి కాలేదు. బిగించి హ్యాండిలు తిప్పితే అందుకుంది, మరో రెండు వందల గజాలు పోయింది, ఆగింది. మళ్ళీ విప్పి ఊదాను. ఇలాగే పోగా పోగా ఏడోసారి ఆగినప్పుడు నా భార్య ముక్కు ఎగబీల్చింది.

"ఇగో, ఆముదం వాసన వస్తున్నది" అంది.

"బిడ్డ తలది" అన్నాను కసిరినట్టు.

"బిడ్డకు కొబ్బరి నూనె పెట్టిన. ఇది మీ మోటర్ది."

అప్పుడు అర్థమైంది. బుధవారం మధ్యాహ్నం నేను నిద్రపోతుంటే, పెనానికి నూనె రాసినట్టు మా అమ్మ ట్యాంకుకు ఆముదం పోసి, తొట్టెలలో వేసి నాలుగువైపులా పట్టేలా ఊపింది. ఆముదం పెట్రోల్లో సరిగా కలవదు. అడుగున చేరి, కుదుపుకు కదిలి, చుక్కలు చుక్కలుగా వచ్చి జెట్టుకు అడ్డం పడుతోంది. ఎన్నిసార్లు ఊదినా అంతే. ట్యాంకు విప్పి కడిగితే తప్ప లాభం లేదు, కడగడానికి పూట పడుతుంది. పొద్దు చూశాను. చింతచెట్ల కొమ్మల్లోకి దిగింది. వెనక్కి పోవడానికి లేదు, ముందుకు మోటారు కదలదు. ఇంకో ఫర్లాంగున్నర ఉంది ఇల్లు.

"నడుద్దాం రాండ్రి" అంది నా భార్య. కోపంగా అనలేదు, ఆమెకు అప్పటికే నవ్వు వస్తోంది. నాకు మాత్రం ఏడుపు వస్తోంది. నడిచి పోవడం ఎంతసేపు? కానీ నూరుమంది ముందు హారను కొట్టి బయలుదేరిన వాణ్ణి. సరే అని బిడ్డ కోసం చేతులు చాచాను. బిడ్డను ఎత్తుకున్నాను కూడా. అలా ఎత్తుకోవడం అదే మొదటిసారి.

వెనకనుంచి గజ్జెల చప్పుడు వినిపించింది. మామ బండి. ఇక ఆయన అనబోయే మాట నేను ముందే నా చెవుల్లో విన్నాను. ఆయన బండి ఆపాడు, దిగాడు, తెరిచి ఉన్న బానెట్ చూశాడు, నా మూతికి అంటిన జిడ్డు చూశాడు, పొద్దువైపు చూశాడు.

"ఎందుకు దిగినవ్? ఎక్కు. బిడ్డను ఇయ్యి తల్లికి" అన్నాడు.

ఎడ్లను బండి నుంచి విప్పాడు. మోకు తీసి మోటారు ముందు ఇరుసుకు కట్టాడు, కాడి తగిలించాడు. బండిని సామానుతో సహా రోడ్డు పక్కకు నెట్టి, ఎడ్ల ముందు నిలబడ్డాడు. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. నా పక్కన నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది, వెనక అత్తగారు దేవుణ్ణి తలుచుకుంటున్నారు, నా కూతురు హారను ఉండను రెండు చేతులా పట్టుకుని నొక్కడానికి చూస్తోంది. ఎడ్లు నింపాదిగా నడిచాయి. ఆ హడావుడిలోనూ నాకు ఒక సంగతి తట్టింది, మోటారు అంత మెత్తగా నడవడం ఆ రోజు అదే మొదలు.

అమీర్‌పేటలో మా వీధి వీధంతా కాచుకుని ఉంది. అమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెంతో గుమ్మంలో నిలబడింది. పొద్దు ఇంకా సగం మిగిలి ఉంది. ఎడ్లను చూడగానే జనంలో నవ్వు మొదలైంది. తొట్టెల వేసిన రోజు భోజనాల దగ్గర ఉన్న చుట్టం ఒకాయన ముందుకు వచ్చాడు.

"ఏంది అల్లుడు, మోటర్ల తెస్తనంటివి? ఎడ్లు గుంజుకొచ్చినయా?"

నేను తల వంచుకున్నాను. మామ మోకు విప్పుతున్నవాడు విప్పుతున్నట్టే ఆగి, ఆయనవైపు తిరిగాడు.

"కండ్లు సరిగ కనిపిస్తలేవా నీకు? నా మనుమరాలు దేంట్లకెళ్ళి దిగుతున్నదో చూడు. మోటర్ల నుంచి దిగుతున్నది. నా అల్లుడు మాట తప్పలే. ఎడ్లు ముందుగల నడిసినయ్, అంతే."

ఇంకెవరూ నవ్వలేదు. అమ్మ దిష్టి తీసింది, నా భార్య కుడికాలు పెట్టి గడప దాటింది, ఆ తర్వాత పొద్దు మునిగింది. నేను మామ కాళ్ళకు దణ్ణం పెట్టబోతే భుజం పట్టుకుని లేపాడు. నా మూతి దగ్గర వాసన చూసి, "ఆముదం తాగినవా ఏంది?" అన్నాడు.

అందరూ అమ్మవైపు చూశారు. ఆమె ఏమాత్రం తడబడలేదు.

"తొట్టెల్ల పండవెట్టినంక ఆముదం పెట్టకుంటే ఎట్ల?" అంది.

బిడ్డను తొట్టెలలో వేశారు. వేసీ వేయగానే ఏడుపు లంకించుకుంది. ఊపినా ఆగలేదు, పాడినా ఆగలేదు. కిరోసిన్ వాసన పడలేదేమోనని అమ్మ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నా భార్య బిడ్డను ఎత్తి, బొంత కింద చెయ్యి పెట్టి తడిమి, చిన్న కంకర రాయి ఒకటి బయటికి తీసింది.

"ఏందిది?" అన్నాడు మామ.

"నూటొక్కటోది" అన్నాను.

మామ ఎడ్లను తోలుకుపోయి బండిని, సామానును తెచ్చాడు కానీ, ఆ రాత్రి పంజాగుట్టకు పోలేదు. తెల్లవారి నేను ట్యాంకు విప్పి, కిరోసిన్ పోసి, అదే రాళ్ళు మళ్ళీ వేస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. తొట్టెల ఈసారి ఖాళీగా లేదు కనుక మేమిద్దరం ట్యాంకును చెరో వైపు పట్టుకుని ఊపాం. రాళ్ళు తీసేటప్పుడు లెక్క తానే పెడతానన్నాడు. ఒక్కొక్కటీ కూరగాయలు ఎంచినట్టు ఎంచి, నూటొక్కటీ వచ్చేదాకా నన్ను మూత బిగించనివ్వలేదు.

మధ్యాహ్నానికి మోటారు తహసీల్దారు సాబుకు అప్పజెప్పడానికి బయలుదేరాను. ఎడ్లను మా అమ్మకు చూసుకోమని చెప్పి మామ నా పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఇంజను ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. పంజాగుట్ట దారి మలుపు వచ్చేసరికి ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు.

"అల్లుడా, జర బేగంపేట మీదికెళ్ళి చుట్టు తిరిగి పోదాం" అన్నాడు.